హైదరాబాద్ పెరట్లో అక్వాపోనిక్స్: చేపలూ కూరగాయలూ కలిపి పెంచాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి వెనక కాస్త ఖాళీ జాగా ఉండి, అందులో చేపలతో కలిపి కూరలు పండించుకోవాలని ఉన్నవాళ్ళ కోసం రాసిన పేజీ ఇది. అక్వాపోనిక్స్ గురించి నెట్‌లో దొరికే సమాచారం చాలావరకు చలిదేశాల వాళ్ళు రాసింది. వాళ్ళ భయం మంచు. మన భయం మే నెల. అందుకే ఇక్కడి జవాబులన్నీ మన ఎండ, మన బోరు నీళ్ళు, మన కరెంటు దృష్టిలో పెట్టుకుని రాశాను. ఏ సామాను కొనబోయినా, ఏ చేపను ఎంచుకోబోయినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది రోహిణి కార్తెను తట్టుకుంటుందా?

అక్వాపోనిక్స్ అంటే అసలేమిటి? మట్టి లేకుండా మొక్కలకు బలం ఎక్కడిది?

చేపకు వేసిన మేతే చివరికి మొక్కకు ఎరువవుతుంది. చేప మేత తిని మొప్పల ద్వారా, విసర్జన ద్వారా నీళ్ళలోకి అమ్మోనియా వదులుతుంది. అది పేరుకుంటే చేపకే విషం. ఈ నీళ్ళను మోటారు మొక్కలు నాటిన కంకర మడిలోకి పంపుతుంది. ఆ నీళ్ళలో, కంకర మీద సహజంగా పెరిగే నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రోస్పైరా, నైట్రోబాక్టర్ రకాల బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ మొక్కలకు ఇష్టమైన ఆహారం. మొక్కలు దాన్ని పీల్చుకున్నాక ఆ నీళ్ళు మళ్ళీ చేపల ట్యాంకులోకి వెళ్తాయి.

అంటే మీరు పెంచేది రెండు కాదు, మూడు: చేపలు, మొక్కలు, బ్యాక్టీరియా. కంటికి కనబడని ఆ మూడోదాన్ని పట్టించుకోకపోవడం వల్లే ఎక్కువ మంది దెబ్బతింటారు.

మన దగ్గర చలే ఉండదు కదా, గ్రీన్‌హౌస్ ఎందుకు?

మంచి ప్రశ్న. గాజుతోనో ప్లాస్టిక్‌తోనో అన్ని వైపులా మూసిన గ్రీన్‌హౌస్ మనకు అక్కర్లేదు. పైగా ప్రమాదం. బయట 41 డిగ్రీలు ఉన్నప్పుడు మూసిన ప్లాస్టిక్ గదిలో మొక్కలు మధ్యాహ్నానికే వాడిపోతాయి, నీళ్ళు కాగిపోతాయి. చలిదేశాల్లో గ్రీన్‌హౌస్ వేడిని పట్టి ఉంచడానికి. మనకు కావలసింది వేడిని బయటికి పంపే నిర్మాణం.

పెరటికి సరిపోయేది ఇలా ఉంటుంది: జీఐ పైపులతో గానీ వెదురుతో గానీ కట్టిన చట్రం, కనీసం తొమ్మిది పది అడుగుల ఎత్తు, పైన 50 శాతం షేడ్‌నెట్, పక్కలకు తెల్లదోమ దూరలేని సన్న పురుగుల వల. ఎత్తు తగ్గించి పొదుపు చేయకండి, వేడిగాలి పైకి పోవడానికి ఆ జాగా కావాలి. వానాకాలంలో పైకప్పు మీద మాత్రమే యూవీ తట్టుకునే పాలిథిన్ షీటు కప్పండి, పక్కలు తెరిచే ఉంచండి. లేకపోతే ఒక్క కుండపోత వానకే ట్యాంకు పొంగి నీళ్ళ లెక్కంతా తారుమారవుతుంది. దసరా దాటాక ఆ షీటు తీసేయవచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలిదుమారం, వడగళ్ళు షేడ్‌నెట్‌ను చింపేస్తాయి. స్తంభాలను కాంక్రీటులో పాతండి, వలను అడుగుకో క్లిప్పుతో బిగించండి. చట్రం మీద రూపాయి ఎక్కువ పెట్టినా తప్పులేదని నా అభిప్రాయం.

ఎంత జాగా, ఎంత పెద్ద ట్యాంకు కావాలి?

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న జాగా నలుగురున్న ఇంటికి ఆకుకూరల వరకు బాగానే సరిపోతుంది. ట్యాంకును చూసి మొక్కలు పెట్టడం కాదు, మొక్కల మడిని బట్టి మేత, మేతను బట్టి చేపలు లెక్కేసుకోవాలి.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చిన్న తరహా అక్వాపోనిక్స్‌కు చెప్పే లెక్క ప్రకారం, ఒక చదరపు మీటరు ఆకుకూరల మడికి రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత పడాలి. టమాటా, వంకాయ లాంటి కాయ మొక్కలకైతే 50 నుంచి 80 గ్రాములు. మీకు రెండు చదరపు మీటర్ల ఆకుకూరల మడి ఉందనుకుందాం. రోజుకు సుమారు 90 గ్రాముల మేత. ఎదిగిన చేప రోజుకు తన బరువులో ఒకటి నుంచి రెండు శాతం మేత తింటుంది. ఒకటిన్నర శాతం చొప్పున చూస్తే 90 గ్రాములు తినడానికి ఆరు కిలోల చేపలు కావాలి. అరకిలో చేపలైతే పన్నెండు.

ఆరు కిలోల చేపలకు 500 లీటర్ల ట్యాంకు చాలు. కానీ మీరు 1000 లీటర్లది పెట్టండి. నీళ్ళు ఎక్కువ ఉంటే వేడి నెమ్మదిగా ఎక్కుతుంది, పొరపాటు జరిగినా సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది. "కొంచెంగా మొదలుపెట్టండి" అనే సలహాను చేపలకు వర్తింపజేయండి, నీళ్ళకు మాత్రం కాదు.

మాకు పెరడు లేదు, మేడ మీద పెట్టుకోవచ్చా?

దీనికి గట్టిగా చెప్పాల్సి వస్తుంది: ఇంజినీరును అడగకుండా పెట్టకండి. వెయ్యి లీటర్ల నీళ్ళు వెయ్యి కిలోల బరువు. మనుషులు తిరిగే మేడకు మన భవన ప్రమాణాల్లో సాధారణంగా తీసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలే. అంటే ఒక మీటరు లోతు ట్యాంకు దానికి ఆరేడు రెట్లు. అడుగు లోతు తడి కంకర మడి కూడా చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది.

ఇంటి ప్లాను చూసిన స్ట్రక్చరల్ ఇంజినీరు ఫలానా స్తంభాల మీద, ఫలానా బీముల మీద పెట్టుకోమని చెబితే పెట్టుకోండి. లేదంటే మేడ మీద మామూలు కుండీల తోట వేసుకోవడం మేలు. పాత ఇళ్ళలో అయితే ఆ ఆలోచనే వద్దు.

ట్యాంకు ఏది వాడాలి? కంకర ఎలాంటిది?

ఇంటి మీద పెట్టే మూడు పొరల నల్ల నీళ్ళ ట్యాంకు మంచిది. ఎండ లోపలికి పోదు కాబట్టి పాచి తక్కువ. ఇనుప చట్రంలో ఉండే తెల్ల ఐబీసీ ట్యాంకులు కూడా చాలామంది వాడతారు. ఇక్కడో జాగ్రత్త. హైదరాబాద్ చుట్టూ మందుల పరిశ్రమలు, రసాయన పరిశ్రమలు చాలా ఉన్నాయి. పాత సామాన్ల దుకాణాలకు వచ్చే డ్రమ్ములు అంతకుముందు దేనికి వాడారో లేబుల్ చూసి తెలుసుకోవాలి. లేబుల్ చింపేసి ఉంటే ఎంత చవకైనా కొనకండి. రసాయనం ప్లాస్టిక్‌లోకి ఇంకితే ఎన్ని సార్లు కడిగినా పోదు. ఆహార పదార్థాలు వచ్చిన డ్రమ్మే తీసుకోండి. తెల్ల ట్యాంకైతే బయట ముందు నల్ల రంగు, దానిమీద వేడి తగ్గడానికి తెల్ల రంగు వేయండి.

కంకర విషయంలో మనం అదృష్టవంతులం. మన చుట్టూ ఉన్నది గ్రానైట్. 20 ఎంఎం గ్రానైట్ కంకర నీళ్ళలో కరగదు, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) మార్చదు, ఏ బిల్డింగ్ మెటీరియల్ కొట్టులోనైనా దొరుకుతుంది. దుమ్ము పోయి నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. తాండూరు బండ, షాబాద్ బండ ముక్కలు మాత్రం వాడకండి, అవి సున్నపురాళ్ళు. అనుమానం ఉంటే రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. నురగ వచ్చిందంటే అందులో సున్నం ఉన్నట్టే.

కంకర మడి అడుగు లోతు ఉంటే చాలు. మోటారు గంటకు ఒకసారి ట్యాంకు నీళ్ళన్నీ మడిలోంచి తిరిగి వచ్చేలా చూసుకోండి. మడి నిండి ఖాళీ అయ్యేందుకు బెల్ సైఫన్ (నీళ్ళు పైదాకా రాగానే మడిని దానంతట అదే ఖాళీ చేసే గొట్టం) బిగిస్తారు. అది కుదరక తలనొప్పిగా ఉంటే టైమర్ పెట్టి పావుగంట ఆన్, ముప్పావుగంట ఆఫ్ చేసినా పని జరుగుతుంది. ట్యాంకులో ఎయిర్ పంపు మాత్రం ఆగకూడదు.

నల్లా నీళ్ళా, బోరు నీళ్ళా, ట్యాంకరా?

మంజీరా, కృష్ణా, గోదావరి, ఏ నల్లా నీళ్ళైనా అందులో క్లోరిన్ ఉంటుంది. అది బ్యాక్టీరియాను చంపడానికే వేసేది, మీ బ్యాక్టీరియాకు మినహాయింపు ఉండదు. చేపల మొప్పలకు కూడా హాని. ఒక డ్రమ్ములో నీళ్ళు పట్టి, మూత లేకుండా, ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి ఒకటి రెండు రోజులు ఉంచితే క్లోరిన్ పోతుంది. ట్యాంకులో నీళ్ళు తగ్గినప్పుడు ఆ డ్రమ్ములోంచే పోయండి.

బోరు నీళ్ళతో వచ్చే చిక్కు వేరు. చాలా కాలనీల్లో బోరు నీళ్ళు ఉప్పదనంతో, కఠినంగా ఉంటాయి. గీజర్‌లో, బకెట్ అంచుల్లో తెల్ల పొర పేరుకుంటుందంటే మీ నీళ్ళలో కాల్షియం కార్బొనేట్లు ఎక్కువ. అలాంటి నీళ్ళలో పీహెచ్ 8 దగ్గరే మొండిగా కూర్చుంటుంది. ట్యాంకరు నీళ్ళు కూడా ఎక్కువసార్లు ఎక్కడో బోరువే.

చేపలకు, మొక్కలకు, బ్యాక్టీరియాకు మూడింటికీ రాజీ కుదిరే పీహెచ్ 6.8 నుంచి 7.2. 8 ఉంటే ఏమవుతుంది? అమ్మోనియాలో విషపూరితమైన భాగం పీహెచ్‌తో, వేడితో పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషభాగం ఒక శాతం లోపే. పీహెచ్ 8 అయితే ఏడు శాతం దాటుతుంది. నీళ్ళు పరీక్షించే కిట్‌లో కనిపించే అంకె ఒకటే అయినా ప్రమాదం దాదాపు పది రెట్లు. పైగా ఆ పీహెచ్ దగ్గర ఇనుము మొక్కకు అందదు.

దీనికి అన్నిటికంటే మంచి మందు వాన నీళ్ళు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మేడ మీది నీళ్ళను, మొదటి వాన వదిలేసి, ఒక సంపులోకి పట్టుకోండి. బోరు నీళ్ళలో సగానికి సగం కలిపితే కాఠిన్యం దిగిపోతుంది. పైగా బ్యాక్టీరియా పనిచేస్తున్న కొద్దీ పీహెచ్ దానంతట అదే నెమ్మదిగా తగ్గుతుంది. నిమ్మరసం పిండి సరిచేద్దామని చూడకండి, సిట్రిక్ ఆమ్లం బ్యాక్టీరియాకు గిట్టదు. ఒకవేళ 6.5 కిందికి దిగితే తినే సున్నం కొంచెం కొంచెంగా, రోజుల తరబడి కలపండి. ఒక్కరోజులో పీహెచ్ గభాలున మారితే చేపలు తట్టుకోలేవు.

నీళ్ళు ఎంత ఖర్చవుతాయి?

అవే నీళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి మట్టి మడితో పోలిస్తే చాలా తక్కువ. మొక్కలు తాగేది, ఆవిరయ్యేది మాత్రమే పోయాలి. మామూలు రోజుల్లో మొత్తం నీళ్ళలో ఒకటి నుంచి మూడు శాతం, ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ. ఒకేసారి పదో వంతు కంటే ఎక్కువ కొత్త నీళ్ళు పోయకండి.

ఏ నెలలో మొదలుపెట్టాలి? చేపల్ని ఎప్పుడు వదలాలి?

మృగశిర వచ్చి ఎండ తగ్గాక మొదలుపెట్టండి. జూన్, జూలైలో చట్రం, ట్యాంకు, పైపులు. వెంటనే చేపల్ని వదలకూడదు. ముందు బ్యాక్టీరియా స్థిరపడాలి. మన వానాకాలపు గోరువెచ్చని నీళ్ళలో దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఎలాగంటే, నీళ్ళు తిప్పుతూ రోజూ చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా వస్తుంది. ఎవరి దగ్గరైనా ఆరోగ్యంగా నడుస్తున్న అక్వేరియం ఉంటే దాని ఫిల్టర్ స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి, పని తొందరగా అవుతుంది. అక్వేరియం షాపుల్లో దొరికే టెస్ట్ కిట్‌తో రెండు మూడు రోజులకోసారి చూడండి. మొదట అమ్మోనియా పెరుగుతుంది. తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. చివరికి ఆ రెండూ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుకి దిగి, దాదాపు సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపిస్తుంది. అప్పుడు చేపల్ని వదలండి, అదీ కొద్దికొద్దిగా.

ఇలా చేస్తే చేప పిల్లలు వదిలేసరికి ఆగస్టు, సెప్టెంబరు అవుతుంది. మన కార్ప్ జాతి చేపలు వానాకాలంలోనే గుడ్లు పెడతాయి కాబట్టి పిల్లలు బాగా దొరికేదీ అప్పుడే. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకుకూరలకు హైదరాబాద్‌లో అంతకంటే మంచి కాలం లేదు. వేసవి వచ్చేసరికి వ్యవస్థ ముదిరి ఉంటుంది, మీ చెయ్యీ తిరిగి ఉంటుంది. ఫిబ్రవరిలో ఉత్సాహంగా మొదలుపెట్టేవాళ్ళు సరిగ్గా కష్టకాలంలోకి అడుగుపెడతారు.

ఏ చేప మంచిది?

తిలాపియా గురించి ప్రపంచమంతా చెబుతుంది. గట్టి చేప, వేడి తట్టుకుంటుంది, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో తినే సైజుకు వస్తుంది. కానీ ఇది విదేశీ జాతి. దీని పెంపకానికి మన దేశంలో నిబంధనలున్నాయి. ముందు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, అనుమతి ఉన్న హేచరీ పిల్లల్నే తీసుకోండి. ఏ చేపనైనా చెరువులోకో నాలాలోకో వదలడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ నిషేధం. ఎవరు ఎంత చవకగా ఇస్తామన్నా వద్దు.

బొచ్చె నీళ్ళ పైపొరలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకుని తినే చేప, తేట నీళ్ళ ట్యాంకులో దానికి కడుపు నిండదు. రవ్వ, బంగారు తీగ ట్యాంకుకు అలవాటు పడతాయి గానీ చెరువులో పెరిగినంత వేగంగా పెరగవు.

ఇక కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప, రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో ఎప్పుడూ గిరాకీ ఉండే చేప. నా ఓటు దీనికే, కాకపోతే ఓపిక ఉన్నవాళ్ళకు. కొర్రమీను నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తుంది కాబట్టి కరెంటు పోయిన రాత్రి మిగతా చేపలు తేలిపోయినా ఇది బతుకుతుంది. మన ఊరికి అది చిన్న విషయం కాదు. కష్టాలు కూడా చెబుతాను. ఒకదాన్నొకటి తింటాయి, అందుకే ఒకే సైజు పిల్లల్ని వేయాలి, నెలకోసారి పెద్దవాటిని వేరు చేయాలి. ఎగిరి దూకుతాయి, ట్యాంకు మీద వల తప్పదు. ఆ వలకూ నీళ్ళకూ మధ్య జాగా వదలండి, పైకి రాలేకపోతే కొర్రమీను నీళ్ళలోనే ఊపిరాడక చనిపోతుంది. మాంసకృత్తులు 40 శాతం పైనున్న మేత కావాలి, అది ఖరీదు. ఇది గాలి పీల్చినంత మాత్రాన ఎయిర్ పంపు అక్కర్లేదనుకోకండి. బ్యాక్టీరియాకు, మొక్కల వేళ్ళకు ఆక్సిజన్ కావాలి.

చేపల గురించి అధికారికంగా తెలుసుకోవాలంటే మనకు దూరం పోనక్కర్లేదు. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కేంద్ర కార్యాలయం మన ఊళ్ళోనే, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో కట్టిన భవనంలో ఉంది.

మేం శాకాహారులం. మరి చేపలు?

గోల్డ్‌ఫిష్, కోయి పెంచుకోండి. మొక్కకు తేడా తెలియదు. గోల్డ్‌ఫిష్ చాలా వ్యర్థం వదిలే చేప, మొక్కలకు ఇంకా మంచిది. వాటిని పట్టాల్సిన పని లేదు, ఏళ్ళ తరబడి ఉంటాయి. ట్యాంకును బాగా నీడలో పెట్టండి, మరీ వేడెక్కిన నీళ్ళు వీటికి పడవు.

మే నెలలో ట్యాంకును ఎలా కాపాడుకోవాలి?

వేడి నీళ్ళు ఆక్సిజన్‌ను తక్కువ పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు ఇముడుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి అంతకన్నా కాస్త తక్కువే. చేపకు 5 అయినా ఉండాలి. అంటే వేసవిలో మన చేతిలో మిగిలేది చాలా తక్కువ. అదే సమయంలో వేడికి చేపకు, బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది.

ట్యాంకు కట్టేటప్పుడే సగం దాకా భూమిలోకి దింపండి. నేల లోపల చల్లగా ఉంటుంది. ఇంటికి తూర్పు వైపు ట్యాంకు పెడితే మధ్యాహ్నం నుంచి గోడ నీడే దాన్ని కాపాడుతుంది. ట్యాంకు చుట్టూ గోనెసంచులు చుట్టి తడుపుతూ ఉండండి. షేడ్‌నెట్ మీద ఇంకో పొర ట్యాంకు వరకు కప్పండి. బయట కనబడే పైపుల్ని కూడా నీడలో నడపాలి, ఎండకు కాలిన నల్ల పైపులోంచి వచ్చే నీళ్ళు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి.

మేత పొద్దున్నే వేయండి, మధ్యాహ్నం వద్దు. నీళ్ళ వేడి 33 దాటిన రోజుల్లో మేత సగానికి తగ్గించండి. తినకుండా మిగిలిన మేత కుళ్ళడం మొదలైతే ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తుంది. మార్చి చివర్లోనే పెద్ద చేపల్ని పట్టుకుని ట్యాంకులో భారం తగ్గించుకోవడం అన్నిటికంటే తెలివైన పని.

కరెంటు పోతే ఎంతసేపు తట్టుకుంటాయి?

చేపలు ఎక్కువ, నీళ్ళు వేడి అయితే గంటలోపే టెన్షన్ మొదలవుతుంది. చేపలు తక్కువ, నీళ్ళు చల్లన అయితే కొన్ని గంటలు. అందుకే ఇది అదృష్టానికి వదిలేసే విషయం కాదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంపు లైను దానికి కలపండి, నీళ్ళ మోటారు కాసేపు ఆగినా పర్వాలేదు. లేకపోతే 12 వోల్టుల బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉంచుకోండి. 20 వాట్ల పంపు ఎనిమిది గంటలు నడవడానికి 160 వాట్ అవర్లు కావాలి. 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం వాడినా 240 వస్తాయి. ఒక రాత్రికి సరిపోయినట్టే.

తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ కనిపిస్తే నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతున్నదని అర్థం. ఆ వేళకే ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. వెంటనే మేత ఆపి, మగ్గుతో నీళ్ళు ఎత్తి పైనుంచి పోస్తూ ఉండండి. ఇంట్లో అందరూ వంతులేసుకోండి. సిద్ధంగా ఉన్న క్లోరిన్ లేని నీళ్ళు కొంచెం కలపండి.

ఏ కూరలు బాగా వస్తాయి?

చలికాలంలో పాలకూర, కొత్తిమీర, మెంతికూర, చుక్కకూర, లెట్యూస్. ఎండాకాలంలో ఇవి పూతకొచ్చి చేదెక్కుతాయి, వాటితో పోరాడకండి. ఆ నెలల్లో తోటకూర, గోంగూర, బచ్చలి, గంగవాయిలి, పొన్నగంటి వేయండి. పొన్నగంటి నీటి మొక్కే, కొమ్మ గుచ్చితే చాలు. పుదీనా ఏడాదంతా వస్తుంది, కానీ వేళ్ళతో పైపులు మూసేస్తుంది, దానికో తొట్టి వేరుగా ఇవ్వండి.

మిర్చి, టమాటా, వంకాయ వ్యవస్థకు ఆరు నెలల వయసు వచ్చాక. బీర, సొర లాంటి తీగలకు చట్రం మీద పాకే దారి ఇస్తే ట్యాంకుకు నీడ కూడా అవుతాయి. ముల్లంగి, క్యారెట్ కంకరలో వంకర తిరుగుతాయి. వాటిని మట్టిలోనే వేసుకోండి.

కొత్త ఆకులు పసుపుపచ్చగా వస్తున్నాయి. ఎరువు వేయాలా?

లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము లోపం. చేపల మేతలో ఇనుము చాలదు కాబట్టి ఇది దాదాపు అందరికీ వచ్చేదే. చీలేటెడ్ ఐరన్ (నీళ్ళలో కరిగే ఉండి మొక్కకు అందే ఇనుము) తెచ్చి లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుము పడేలా కలపండి. డబ్బా మీద ఏ రకమో చూడండి. మన కఠినమైన నీళ్ళలో ఈడీటీఏ రకం నిలవదు, డీటీపీఏ గానీ ఈడీడీహెచ్‌ఏ గానీ తీసుకోవాలి. ఈడీడీహెచ్‌ఏ వేస్తే నీళ్ళు ఎర్రబడతాయి, భయపడకండి.

ముదురు ఆకుల అంచులు కాలినట్టు ఉంటే పొటాషియం లోపం. యూరియా, డీఏపీ మాత్రం ఈ నీళ్ళలో వేయకూడదు, చేపలు బతకవు.

పురుగు పడితే? వేపనూనె సహజమే కదా?

సహజమైనదే, కానీ చేపలకు హానికరం. వేపనూనె, దాంతో కలిపే సబ్బు నీళ్ళు రెండూ ట్యాంకులోకి చేరితే మొప్పలు దెబ్బతింటాయి. రసాయన మందుల్లో పైరిథ్రాయిడ్లు చేపలకు మరీ విషం. పక్కింటివాళ్ళు కొట్టే మందు గాలికి కొట్టుకొచ్చినా ముప్పే, వాళ్ళతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి. కాలనీలో దోమల పొగ వేసే రోజున ట్యాంకు పూర్తిగా కప్పండి.

మరి దారేమిటి? పురుగుల వల సరిగా మూసుకోవడం సగం రక్షణ. పసుపు జిగురు అట్టలు తెల్లదోమను పడతాయి. పేనుబంక పడితే ఆ కొమ్మను తుంచి బయట పడేయండి, లేదా క్లోరిన్ పోయిన నీళ్ళను గట్టిగా చిమ్మి రాల్చండి. గొంగళిపురుగులకు బీటీ పొడి (వాటిని చంపే ఒక బ్యాక్టీరియాతో చేసిన మందు) వాడొచ్చు. రోజూ పొద్దున పది నిమిషాలు ఆకుల అడుగుభాగం చూసే అలవాటును మించిన మందు లేదు.

జీవామృతం, పంచగవ్య కలపొచ్చా?

వద్దు. మట్టి మడికి అవి మంచివే కావచ్చు, ఇక్కడ రెండు కారణాల వల్ల పనికిరావు. బెల్లం, పేడ నీళ్ళలో కుళ్ళుతూ ఆక్సిజన్‌ను ఒక్కసారిగా లాగేస్తాయి, తెల్లారేసరికి చేపలు తేలతాయి. రెండోది, పశువుల పేడలో ఈ-కోలై లాంటి క్రిములు ఉండొచ్చు. అవే నీళ్ళు మీ కొత్తిమీరకు తగులుతాయి. పైన చెప్పిన ఇనుము లాంటి లోపాలు సరిచేసేవి తప్ప, ఈ వ్యవస్థలోకి వెళ్ళే ఎరువు చేపల మేత ఒక్కటే ఉండాలి.

ఆకులు పచ్చిగా తినొచ్చా?

చేపలు వేడి రక్తపు జీవులు కావు కాబట్టి ఈ-కోలై వాటికి సహజ నివాసం కాదు. కానీ పావురాల రెట్టలు, ఎలుకలు, మన చేతులు ఆ క్రిముల్ని తేగలవు. పైన వల ఉంచండి, చేతులు కడుక్కుని పని చేయండి, ట్యాంకు నీళ్ళు ఆకు మీద చల్లకండి. పచ్చిగా తినేవాటిని మంచినీళ్ళతో బాగా కడగండి.

దోమలు, వాసన వస్తాయని ఇంట్లో వద్దంటున్నారు.

చేపలున్న ట్యాంకులో దోమ పిల్లలు మిగలవు. కంకర మడిలో పైన రెండు అంగుళాలు ఎప్పుడూ పొడిగా ఉండేలా నీటిమట్టం పెడితే అక్కడా పెరగవు. డెంగీ కాలంలో చూడాల్సింది క్లోరిన్ పోవడానికి నీళ్ళు పట్టి ఉంచిన డ్రమ్ము, వాన నీళ్ళ సంపు. వాటికి సన్నటి వల కట్టండి.

వాసన వస్తే ఏదో తప్పు జరుగుతున్నట్టు. కుళ్ళిన గుడ్డు వాసన అయితే కంకరలో ఎక్కడో మడ్డి పేరుకుని గాలి ఆడటం లేదు. ఆ భాగం తవ్వి కడగాలి, అదీ ట్యాంకు నీళ్ళతోనే.

దీనితో డబ్బు ఆదా అవుతుందా?

ఆకుకూరల ఖర్చు ఒక్కటే చూస్తే కాదు. రైతుబజారులో కట్ట కొనడమే చవక. 40 వాట్ల మోటారు రోజంతా నడిస్తే నెలకు 29 యూనిట్లు, 20 వాట్ల ఎయిర్ పంపు 14 యూనిట్లు. మేత నెలకు మూడు కిలోల దాకా. చట్రం, ట్యాంకు పెట్టుబడి వేరు. మందు తగలని ఆకుకూర అప్పటికప్పుడు కోసుకోవడం, తాజా చేప, పిల్లలకు ప్రకృతి చక్రం కళ్ళెదుట చూపించడం, వీటికి మీ లెక్కలో విలువ ఉంటేనే దిగండి. "లక్షల ఆదాయం" అని చెప్పే వీడియోలు చూసి పెరట్లో పెట్టుబడి పెట్టకండి.

సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్ళాలి. చేపల సంగతి?

ఎదిగిన చేపలు వారం రోజులు మేత లేకుండా ఉండగలవు. జనవరిలో నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి అవి తినేదే తక్కువ. "పాపం ఆకలితో ఉంటాయి" అని పక్కింటివాళ్ళకు మేత డబ్బా అప్పగించడమే అసలు ప్రమాదం, వాళ్ళు ప్రేమకొద్దీ గుప్పెళ్ళతో వేస్తారు. వేయించాలనే అనుకుంటే రోజుకో చిన్న పొట్లం కట్టి, డబ్బా దాచేసి వెళ్ళండి. కొర్రమీను పిల్లలైతే మాత్రం పొట్లాలు తప్పవు, ఆకలేస్తే ఒకదాన్నొకటి పట్టేస్తాయి.

వెళ్ళే ముందు రోజు ట్యాంకు నిండుగా నింపండి, మోటారు జాలీ కడగండి, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు చూసుకోండి. నమ్మకస్తుడైన ఒకరిని రోజుకు రెండుసార్లు వచ్చి రెండే చూడమనండి: నీళ్ళు తిరుగుతున్నాయా, బుడగలు వస్తున్నాయా. ఏది ఆగినా మీకు ఫోన్ చేయమని చెప్పి, ఎయిర్ పంపు స్విచ్ ఎక్కడుందో చూపించి వెళ్ళండి.